ముడుపు మూటలో కారు తాళం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై మూడేళ్ళ వయసు, అనంతపురంలో చదివిన ఎలక్ట్రానిక్స్ డిప్లొమా (రెండు సబ్జెక్టులు రెండోసారి రాసి గట్టెక్కిన సంగతి ఇంట్లో ఇప్పటికీ తెలియదు), ఇన్వర్టర్లు బిగించే షాపులో మొదటి ఉద్యోగం, చొక్కా జేబులో పెన్నుకు బదులు టెస్టరు. వీధిలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా పిలవకముందే వెళ్ళి నిలబడేవాణ్ణి. ఫ్యాను తిరిగిందా లేదా అన్నది వేరే సంగతి, అది ఎందుకు తిరగడం లేదో మాత్రం అరగంట చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు ఎవరి చేతిలోనైనా కారు రిమోట్ తాళం కనబడితే చాలు, నాకు ముందు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడాలనిపిస్తుంది. చింతపండు వాసన వస్తుందేమోనని. పిచ్చి అనుకోకండి, దానికో కథ ఉంది.

మాది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. నడవలో రెండు మగ్గాలు, ఆ వెనక దేవుడిల్లు, ఆ వెనక వంటిల్లు. నాయనకు మాట తక్కువ, గొంతు ఎక్కువ. అమ్మ ఆ రెంటికీ మధ్య సర్దుబాటు. నాయనను కన్న అవ్వ మా అందరి మీదా అధికారి. అక్కను ఉరవకొండ దగ్గర వేరుశనగ పండించే ఇంటికి ఇచ్చారు. ఆ ఏడు దసరాకు అక్కకు ఎనిమిదో నెల. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలని అక్కకు ఎంత ఆశో! రోజూ ఫోను చేసి, "నాయనా, నన్ను ఈడ ఇడిసిపెట్టొద్దండి. నేను అమ్మ కాడికే వస్తా" అనేది. డాక్టరమ్మ బస్సు ప్రయాణం వద్దంది. అక్క అత్తగారు ఇంకో అడుగు ముందుకేసి, "బస్సులో అయితే మా కోడల్ని పంపీము. కారు తెస్తే పిల్చుకపోండి" అని తేల్చేసింది. నాయన నెల తిరక్కుండా ఒక పాత కారు తెచ్చి వాకిట్లో నిలిపాడు.

పాతదే గానీ, ఆ కారుకు తాళం చెవి దూర్చి తిప్పే పని లేదు. నల్లటి రిమోట్ ఒకటి జేబులో ఉంటే చాలు. తలుపు పిడి మీద చిన్న మీట నొక్కితే తెరుచుకునేది, లోపల కూర్చుని బటన్ నొక్కితే స్టార్టయ్యేది. మా వీధికి అది వింత. నాకు పండుగ. వచ్చినవాళ్ళందరికీ అందులోని రహస్యం విడమరిచి చెప్పేవాణ్ణి. అవ్వ ఆ రిమోట్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "చింతగింజ మాదిరి ఉండాది. దీనికేనా ఇంత కత?" అంది. రిమోట్లు రెండు ఇచ్చారు. ఒకటి నా దగ్గర పెట్టుకుని, రెండోది అవ్వ చేతికిచ్చి, "అవ్వా, దీన్ని ఎవురికీ అందని తావున భద్రంగా పెట్టు" అన్నాను. అంత బాధ్యతగా ఆ వయసులో నేను చేసిన పని అదొక్కటే. దాని ఫలితం తర్వాత చూస్తారు.

కారును ఇంటి పక్క సందులో, దేవుడింటి కిటికీ పక్కన నిలిపేవాణ్ణి. అక్కడ ఉన్నప్పుడు అదొక విచిత్రం చేసేది. నేను తాళం వేసి రిమోట్ జేబులో పెట్టుకుని షాపుకు పోయినా, అమ్మ మరిచిపోయిన సంచీ కోసం తలుపు మీద చెయ్యి వేస్తే టక్కున తెరుచుకునేది. "ఏమప్పా, నువ్వు బీగం ఎయ్యనే లేదు" అని అమ్మ గొడవ. (మా వైపు తాళాన్ని బీగం అంటాం.) వేశానని నేను. చివరికి నా చదువునంతా పోగుచేసి, "దీని సెన్సర్ పవర్ ఎక్కువమ్మా, ఇంటి మనుషుల్ని గుర్తుపడతాది" అని ఒక తీర్పు చెప్పాను. నాయన కూడా నమ్మాడు. అవ్వ మాత్రం కిటికీ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "దేవుని పక్కన నిలిపితే దేవుడు తెరుస్తాండాడులే" అని తన పని తాను చూసుకుంది.

అక్కను తీసుకురావడానికి విజయదశమి పొద్దున కుదిరింది. పన్నెండు లోపల వాళ్ళ గడప దాటాలి. ఆ పూట తప్పితే మళ్ళీ మంచిరోజు వచ్చేసరికి నెలలు నిండిపోతాయి, కదిలించకూడదు, ఇక కాన్పు అక్కడే. ముందు రోజు ఆయుధపూజ. మగ్గాల ఇళ్ళలో అది అన్నిటికంటే పెద్ద పండుగ. మగ్గంలో పోగును అటూ ఇటూ మోసే నాడెలు, కత్తెరలు, పట్టకార్లు, ఇత్తడి కొలతబద్ద, ఇంట్లో అన్నం పెట్టే ప్రతి పనిముట్టూ ఆ రోజు స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దేవుడి ముందు కూర్చుంటుంది. మర్నాడు మళ్ళీ హారతి ఇచ్చి కదిలించేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. నేను తెల్లవారుజామునే కారు కడిగి, ఈసారి ముంగిలి వాకిట్లో గొప్పగా నిలిపి, తాళం వేసి, రిమోట్ అవ్వకిచ్చాను. అరటి పిలకలు, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, ఏ లోటూ రానివ్వలేదు.

ఆ లోపల అవ్వ పెరట్లో చింతపండు నానేసిన తొట్టి ముందు కూర్చుంది. ఇత్తడి దీపాలు వేసింది, కత్తెరలు వేసింది. ఆ వరసలోనే నా రిమోట్ కూడా తొట్టిలోకి దిగింది. దాని చుట్టూ ఒక వెండి రంగు అంచు ఉండేది, అది మసకబారిందని అవ్వకు బాధ. కొబ్బరి పీచుతో బాగా తోమింది. బటన్ల సందుల్లో మురికి ఉందని ఈనెపుల్లతో గీకింది. కడిగింది, మిద్దె మీద ఎండలో ఆరబెట్టింది. (మా అనంతపురం ఎండ సంగతి తెలుసు కదా, అప్పడాలు వేయించే పని కూడా తప్పిస్తుంది.) తర్వాత పసుపు రాసి, ఒక్కో బటన్ మీద ఒక్కో కుంకుమ బొట్టు పెట్టి, నాయన నాడె పక్కన కూర్చోబెట్టింది. సాయంత్రం నేను దండం పెట్టుకుంటూ, అది ఎంత మెరుస్తోందో చూసి మురిసిపోయాను కూడా.

దశమి పొద్దున ఆరు గంటలకు హారతి అయింది. నాయన కొత్త పంచె కట్టాడు. అమ్మ పూలు, పండ్లు, చీర సర్దింది. నేను రిమోట్ అందుకుని, తల దువ్వుకుని, వీధి జనం చూస్తుండగా కారు దగ్గరికి పోయి బటన్ నొక్కాను. ఏమీ కాలేదు. గట్టిగా నొక్కాను. తుడిచి నొక్కాను. పిడి మీది మీట నొక్కాను. కారు బంతిపూల దండ వేసుకుని పెళ్ళికొడుకులా ఉలక్కుండా నిలబడింది. "బ్యాటరీ అయిపోయింటాది నాయనా, ఐదు నిమిషాలు" అని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తాను. "స్పానర్లన్నీ పూజలో ఉండాయప్పా. అయ్యవారొచ్చి కదిలించాల. మధ్యాన్నం రాపో" అన్నాడు. బాడుగ కార్ల స్టాండులో చూస్తే అన్నిటికీ అరటి పిలకలే, ఒక్కదానికీ డ్రైవరు లేడు.

చివరికి మా వీధి మలుపులో సెల్‌ఫోన్లు రిపేరు చేసే భాయి దొరికాడు. మేమందరం ఆయన్ని సెల్లు భాయి అంటాం. ఆయన స్క్రూడ్రైవరుకు కూడా కుంకుమ బొట్టు ఉంది. "పక్కంగడోళ్ళు నా సామాన్లు గూడా పూజలో పెట్టినారు భాయ్. ఇదొక్కటి జేబులో ఉండి బచాయించింది" అంటూ రిమోట్ విప్పాడు. కొత్త బ్యాటరీ వేశాడు. లాభం లేదు. లోపలి పచ్చ పలకను కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు, వాసన చూశాడు, నా వైపు చూశాడు. "ఏం భాయ్, దీంతో రసం పెట్టినారా?" రిమోట్ పొట్టలోంచి సన్నటి ఇనుప తాళం చెవి ఒకటి బయటికి లాగి, "దీంతో తలుపన్నా తెరుచుకుంటాది సూడు" అని ఇచ్చాడు. దాన్ని దూర్చడానికి కారుకు రంధ్రమే కనబడలేదు. (పిడి చివర మూత కింద ఉంటుందని రెండేళ్ళ తర్వాత తెలిసింది. అదీ నా డిప్లొమా.)

ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. అక్క అప్పటికే రెండుసార్లు ఫోను చేసిందట. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాయన గొంతు పెంచకుండా, "ఇప్పుడేమప్పా చేసేది?" అన్నాడు. నాయన కేకలు వేస్తే నాకు అలవాటే, మెల్లగా అడగడం అదే మొదలు. అప్పుడు గుర్తొచ్చింది రెండో రిమోట్.

"అవ్వా! ఆ పొద్దు నీకిచ్చిన ఇంకో బీగంచెవి యాడ పెట్టినావ్?"

"భద్రంగా ఉండాదిలే."

"భద్రంగా అంటే యాడ?"

"ముడుపులో."

అందరం ఒక్కసారిగా దేవుడింటి కిటికీ వైపు తిరిగాం. అక్క నెల తప్పిందని తెలిసిన రోజు అవ్వ కదిరి నరసింహస్వామికి మొక్కుకుని, పసుపు నీళ్ళలో తడిపి ఆరేసిన గుడ్డలో రూపాయి బిళ్ళ వేసి ముడుపు కట్టి, దేవుడింటి కిటికీ మేకుకు తగిలించింది. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డాక, అందరూ కదిరికి పోయి, స్వామి ముందే ఆ ముడి విప్పాలి. అంతవరకు విప్పకూడదు. కట్టిన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదు. ఎవరికీ అందని చోట పెట్టమన్నాను కదా, మా ఇంట్లో అంతకంటే అందని చోటు లేదు. మొదటి ముడి విప్పకుండా, దానిపైన మిగిలిన గుడ్డలో రిమోట్‌ను చుట్టి, ఆ రోజే రెండో ముడి వేసిందట. ముడుపు మీద పడ్డాక ఏ ముడైనా స్వామిదే.

ఇక చూడండి మా అవస్థ. ముడి విప్పితే గానీ కారు కదలదు, కారు కదిలితే గానీ అక్క రాదు, అక్క వచ్చి కంటే గానీ ముడి విప్పకూడదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇదంతా మూఢనమ్మకమని, ఒక్క ముడి విప్పితే ఏమీ కాదని నేను లెక్చరు మొదలుపెట్టాను. "గమ్మునుండప్పా!" అన్నాడు నాయన. అది కోపం కాదు. ఆయన చెయ్యి మూట వైపు పోబోయి వెనక్కి వచ్చింది. కూతుర్ని తెచ్చుకోవాలి, కూతురి కోసం కట్టిన ముడి విప్పడానికి మనసొప్పదు. అంత పెద్ద గొంతు మనిషి అట్లా దిక్కు తోచక నిలబడడం నేను అప్పుడే చూశాను.

అవ్వే కదిలింది. మేకు నుంచి ముడుపు తీసి, రెండు చేతుల్లో పట్టుకుని, వాకిట్లోకి వచ్చింది. వీధి వీధంతా గుమిగూడింది, సెల్లు భాయి కూడా వచ్చాడు. అవ్వ కారు చుట్టూ మూడుసార్లు తిరిగింది. "సామీ, నేను ముడి ఇప్పను. బిడ్డను తెచ్చే దావ నువ్వే సూపించు" అని, మూట పిడికి ఆనించి, బొటనవేలితో పిడిని తాకింది. ఆ బొటనవేలు సరిగ్గా చిన్న మీట మీదే ఎందుకు పడిందో అప్పుడు నేను ఆలోచించలేదు. టక్కుమని నాలుగు తలుపులూ తెరుచుకున్నాయి, లైట్లు రెండుసార్లు వెలిగాయి. "గోవిందా!" అని ఎవరో కేక పెట్టారు. పక్కింటామె పరుగున పోయి టెంకాయ తెచ్చి కొట్టింది. అవ్వ ముందు సీట్లో కూర్చుని మూట ఒడిలో పెట్టుకుంది. నేను బటన్ నొక్కాను. బండి స్టార్టయింది.

నాకు అప్పటికి వెలిగింది. రిమోట్‌ను చేతిలో పట్టుకోవాల్సిన పనేముంది, దగ్గర ఉంటే చాలు కదా! ఊరందరికీ నేను రోజూ చెప్పే పాఠమే అది, సమయానికి నాకే గుర్తు రాలేదు. కిటికీ పక్కన కారు తనంతట తాను ఎందుకు తెరుచుకునేదో కూడా అప్పుడే అర్థమైంది. సెల్లు భాయి నన్ను చూసి మీసాల్లో నవ్వుకున్నాడు. నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ముసలామె నమ్మకం చెడగొట్టడం ఎందుకని. అంతటి గొప్ప మనసు నాది!

పదకొండుకు ఉరవకొండ చేరాం. అక్క సంచీ పట్టుకుని గడప లోపలే నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నవ్వబోయి ఏడ్చేసింది. కారు దిగుతున్న అవ్వను, చేతిలో ముడుపును చూసి అక్క అత్తగారు మెత్తబడి, కారును ఒక్క మాటా అనకుండా పంపించింది. సాయంత్రానికి అక్క మా నడవలో, మగ్గం పక్కన, అమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకుంది.

కొత్త తాళం చెన్నై నుంచి రావాలన్నారు. వచ్చేదాకా కారు ఎక్కడికి పోవాలన్నా ముడుపు రావాలి, ముడుపు రావాలంటే అవ్వ రావాలి. అక్కను డాక్టరమ్మకు చూపించాలన్నా అవ్వ, గుత్తిలో చీర ఇచ్చి రావాలన్నా అవ్వ. ఆదివారం స్నేహితులతో బుక్కరాయసముద్రం చెరువుకు పోదామనుకున్నా, ముందు సీట్లో అవ్వ! వెనక సీట్లో నలుగురు కుర్రాళ్ళు ఇరుక్కుని కూర్చుంటే ఆమె మురుకులు పంచేది. వాళ్ళు ఆమెకు రిమోటవ్వ అని పేరు పెట్టారు. "ఒరే, మీ రిమోట్ కాఫీ అడుగుతాండాదిరా" అని ఏడిపించేవాళ్ళు. ఆ ఏడు నాలుగు వానలు పడి చెరువులో నీళ్ళున్నాయి. అవ్వ గట్టు మీద నిలబడి, "ఎన్ని నీళ్ళప్పా!" అంటూ అరగంట కదల్లేదు. నాకేమో సిగ్గు, విసుగు. పోదాం పోదాం అని తొందరపెట్టాను.

కొత్త రిమోట్ వచ్చినప్పుడు, ఉన్న రిమోట్ కూడా పక్కన ఉంటేనే దాన్ని కారుకు జత చేస్తామన్నారు షోరూములో. అవ్వ మూట ఇవ్వనంది. "ముడుపు కాడికి చెప్పులిడిసి రాప్పా" అంది. పాపం ఆ షోరూము కుర్రాడు బూట్లు విప్పి, చేతులు కడుక్కుని, అవ్వ ఒడి పక్కన కూర్చుని పని పూర్తిచేశాడు. కొత్త రిమోట్ నా జేబులో పడింది. ఆ రోజు నుంచి అవ్వ అవసరం తీరిపోయింది. హమ్మయ్య అనుకున్నాను. ముడుపు మళ్ళీ మేకుకు చేరింది, అవ్వ గడప దగ్గరికి చేరింది. ఆదివారం నేను కారు తీస్తుంటే లేచి నిలబడేది, నేను చెయ్యి ఊపి పోయేవాణ్ణి.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ఐదో నెలలో అందరం కదిరి పోయాం. దర్శనమయ్యాక అవ్వ హుండీ ముందు నిలబడి ముడి విప్పింది. రూపాయి హుండీలో వేసి, రిమోట్ నా చేతిలో పెట్టింది.

"అదేమవ్వా, అంతా ఎయ్యాల గదా?"

"సామికి బండి యాలప్పా? నేను మొక్కింది రూపాయే. ఇది నువ్వు భద్రంగా పెట్టమంటివి, పెడితి."

నాకు మనసు ఆగలేదు. దేవుడి ముందు అబద్ధం ఎందుకని, "అవ్వా, నీకొక మాట చెప్పాల. ఆ పొద్దు తలుపు దేవుడు తెరవలే. మూటలో ఇది ఉండబట్టి తెరుచుకునింది" అన్నాను.

"తెలుసులేప్పా."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"కారొచ్చిన వారంలోనే. కిటికీ కాడ నిలిపితే తెరుచుకుంటాది, వాకిట్లో నిలిపితే తెరుచుకోదు. దీనికి సదువు కావాల్నా? వీధంతా చూస్తాంటే నువ్వు సిన్నబోతావని సామి మీద పెడితి."

"మరి తర్వాతైనా చెప్పొచ్చు గదా. అన్ని దినాలు యాలవ్వా ఊరికే నా యెంట తిరిగినావ్?"

అవ్వ పసుపు గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. నా మొహం చూడకుండా అంది. "ఉత్త బీగంచెవేనని చెప్పింటే మూట నీ చేతికిచ్చి నన్ను ఇంట్లో కూచోబెట్టేటోళ్ళు గదప్పా. గుత్తి కోట చూస్తి, చెరువు నిండా నీళ్ళు చూస్తి. ఈ వయసులో నన్ను కారులో ఎవురు తిప్పుతారు?"

తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో అవ్వనే కూర్చోబెట్టాను. ఆ తర్వాత ఆదివారాలు చాలానే తిప్పాను గానీ, అంతకుముందు చేయి ఊపి పోయిన ఆదివారాలు మాత్రం లెక్కలో తగ్గలేదు. అవ్వ పోయి నాలుగేళ్ళయింది. ఆ కారు అమ్మేశాం, పసుపు గుడ్డ మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఇప్పటి కారు రెండో రిమోట్‌ను అందులోనే మూటకట్టి పెట్టాను. మా ఆవిడ నవ్వుతుంది, నవ్వనీ. చెరువులో నీళ్ళొచ్చాయని తెలిసిన ఆదివారాల్లో మూటను ముందు సీట్లో పెట్టుకుని బుక్కరాయసముద్రం దాకా పోయి వస్తాను. బటన్ నొక్కగానే బండి స్టార్టవుతుంది. ఎవరినీ పిలవక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు. జేబులో టెస్టరు పెట్టుకుని తిరిగిన ఆ కుర్రాడు అప్పుడు కోరుకున్నది సరిగ్గా ఇదే.